మలకీ ఎడమ చెయ్యి

ఊరి హాలు వెనక వంటగదిలో, టీ నీళ్లు కాగుతున్న పెద్ద స్టీలు డ్రమ్ము పక్కన ఎత్తుపీట వేసుకుని, నెసా బూట్లు కట్టుకుంటోంది. కట్టి విప్పుతోంది, విప్పి మళ్లీ కడుతోంది. ఎడమది బిగువనిపించి కాస్త వదులు చేస్తే కుడిది బిగువనిపిస్తోంది. తలుపవతల ఫింటన్ కుర్చీలు వేస్తున్నాడు, ఒక్కో కుర్చీ కాళ్లు చెక్కనేల మీద కీచుమంటున్నాయి. పొద్దున చర్చి గంట కొట్టినప్పుడు పట్టుకున్న వాన ఇప్పుడిప్పుడే తెరిపిచ్చింది. రేకుల కప్పు అంచు నుంచి చుక్కలు రాలుతున్నాయి, వాటికి తాళం లేదు, ఉంటే బాగుండును. జనం వస్తున్నారు. ఇక్కడినుంచి మొహాలు కనపడవు, అడుగులు వినపడతాయి, నెసాకి అది చాలు. చిన్నప్పటినుంచీ మనుషుల్ని ముందు పాదాలతోనే గుర్తుపట్టడం అలవాటు. అదిగో, మడమ నొక్కి వేళ్లు విదిలించేది పోస్టాఫీసులో స్టాంపులమ్మే ఆవిడ. ఆ వెనక ఒక్క మనిషిలా నడిచే ఇద్దరు గొర్రెల కాపరులు, అన్నదమ్ములు, నలభై ఏళ్లుగా ఒకే కంచం, ఒకే అడుగు. తర్వాత ఎవరో కొత్త బూట్లవాళ్లు. తర్వాత పిల్లలు, పిల్లల అడుగులకి ఇంకా పేర్లుండవు. ఆమె చెవులు వెతుకుతున్న అడుగు మాత్రం రావడం లేదు. కర్ర, కాలు, ఈడ్పు. కర్ర, కాలు, ఈడ్పు. ఈ లోకంలో అలా నడిచేవాడు ఒక్కడే, నెసా తండ్రి మలకీ. అతన్ని కారెక్కించి తీసుకురావలసింది ఆమె తల్లి అట్రాక్టా. తీసుకురానని చెప్పేసింది.

తలుపు సందులోంచి ఫింటన్ తల దూర్చాడు. హాలు తాళాలు అతని దగ్గరే ఉంటాయి, ఊళ్లో కబుర్లు కూడా.

"ఏమ్మాయ్, పెళ్లికేసినన్ని కుర్చీలేశాను. చావుకొచ్చినంతమంది వస్తే మటుకు నా పూచీ లేదు."

"చావుకొచ్చినంతమంది నా నాట్యానికెందుకొస్తారు మామా?"

"నీ నాట్యానికెవడొస్తున్నాడే? రేడియోలో నువ్వన్న మాటకి మీ అమ్మ మొహం ఎలా ఉందో చూడ్డానికొస్తున్నారు." అనేశాక నాలిక కరుచుకున్నాడు. గడ్డం గోక్కుని, "చెక్కలకి మైనం పూయలేదులే, జారవు," అని తల వెనక్కి తీసుకున్నాడు.

రేడియో. రేడియో గురించి ఇప్పుడు ఆలోచించకూడదు, ఈ గంటసేపూ ఒంటి గురించే ఆలోచించాలి, చీలమండ వెచ్చబడాలి, ఊపిరి కిందికి దిగాలి. కాని ఊపిరి దిగే చోటల్లా ఇల్లే ఉంది. ఇంట్లో పొయ్యి ముందు పరిచిన నల్లబండ. ఆ బండ కింద ఎవరో ముత్తాత గుర్రం పుర్రె పాతిపెట్టాడని, అందుకే అడుగు వేస్తే గంటలా మోగుతుందని నాయనమ్మ చెప్పేది, నిజమో కాదో ఎవరూ తవ్వి చూడలేదు. శనివారం సాయంత్రాలు బూట్లేసుకుని ఆ బండ మీద నిలబడితే, నాన్న బల్ల అంచున కూచుని కాన్సర్టీనా ఒళ్లో పెట్టుకునేవాడు. ఆరు పలకల చిన్న పెట్టె అది. రెండు చేతులూ రెండు పక్కల పట్టుకుని లాగితే ఊపిరి పీలుస్తుంది, నొక్కితే వదులుతుంది. రెండు చేతులుంటేనే దానికి ప్రాణం. నాన్న ఆమె మొహం ఎప్పుడూ చూసేవాడు కాదు, పాదాలే చూసేవాడు. ఆమె కూడా నాన్న మొహం చూసేది కాదు, వేళ్లు చూసేది. ఎడమ చెయ్యి బరువు స్వరాలు పట్టుకుని నిలబడేది, కుడి చెయ్యి దాని మీద ఉడతలా పరుగులు పెట్టేది. మధ్యలో చెప్పాపెట్టకుండా వేగం పెంచేవాడు. "నా వేలు ముందు తడబడుతుందో నీ కాలు ముందు తడబడుతుందో చూద్దాం రావే!" అనేవాడు. పొయ్యిలో కట్టెలకి బదులు కాలే పీట్ మట్టిగడ్డ ఎర్రగా కూలిపోయేది. అమ్మ చేతిలో గరిటె ఉండేది, వద్దు వద్దంటూనే గరిటెతో గిన్నె అంచు మీద తాళం వేసేది. అమ్మ తాళం వేసేది! ఆ సంగతి ఎలా మర్చిపోయాను, అనుకుంది నెసా. రేడియోవాళ్లు అడిగినప్పుడు అది చెప్పాల్సింది. చెప్పలేదు.

ఈ గోడవతల ఉన్నవి కూడా ఆ చెక్కలే, ఆమెకి నడక తర్వాత నాట్యం వచ్చిన చెక్కలు. టాల్టీ టీచర్ ఇక్కడే, కిటికీకి వీపు పెట్టి నిలబడి, గుప్పెట్లో పట్టేంత గులకరాళ్లు పంచేది. సముద్రపు ఒడ్డున తనే ఏరుకొచ్చిన నున్నటి రాళ్లు. చేతికొకటి. చేతులు పక్కలకి దించి, గుప్పెళ్లు బిగించి, దరువు మొదలు. రాయి జారి కిందపడితే మళ్లీ మొదటినుంచి. మోకాళ్ల కింద ఎంత తుపానైనా రావచ్చు, నడుము పైన మాత్రం మనిషి గోడ మీద పటంలా ఉండాలి. ఒకసారి నెసా అడిగింది, ఏడేళ్ల పిల్ల, అడగకూడదని తెలియని వయసు. "చేతులెందుకు కదపకూడదు టీచర్?" మిగతా పిల్లలు ఊపిరి బిగబట్టారు. టీచర్ ఆమె గుప్పెట విప్పి, రాయి చూసి, మళ్లీ మూసింది. "చేతులు చాపేది అడుక్కోడానికే పిల్లా. కరువులో ఈ రోడ్డు వెంటే మన తాతముత్తాతలు గంజికోసం చేతులు చాపి నిలబడ్డారు, చాలామంది అలాగే పోయారు. వాళ్లు చాపింది చాలు. ఆడేటప్పుడన్నా కిందుంచు." అది నిజమైన కారణం కాదని తర్వాత చాలామంది చెప్పారు. చర్చి ఫాదరీలకి నచ్చకపోవడం వల్లనని ఒకరు, ఇరుకు ఇళ్లలో చోటు లేక అని ఒకరు. కావచ్చు. ఆ రాత్రి మాత్రం మంచంలో వెల్లకిలా పడుకుని, దుప్పటి కింద చేతులు రెండూ పక్కలకి ఆనించి, వాటిని కదపకుండా నిద్రపోయింది నెసా. గర్వంగా ఉంది, భయంగా కూడా ఉంది.

తర్వాతంతా ఒకదాని మీదొకటి పడిపోతుంది, ఏది ముందో ఏది వెనకో తెలియదు. లారీ మీద కట్టిన వేదిక, దాని మీద పోటీలు, గాలికి ఎగిరిపోయే ఉంగరాల జుట్టు సవరం, సవరం కింద తలకి గుచ్చుకునే సూదులు. కాళ్లకి రంగు పూసే చల్లటి క్రీము. మెడలో పతకాలు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు. ఆ తర్వాత పెద్ద నాట్య కంపెనీ, పెద్ద వేదికలు, వరసలో పక్కపక్కన అందరూ ఒకే మనిషిలా, ఒకే నవ్వుతో, ఎవరి అడుగు ఎవరిదో ఎవరికీ వినపడకుండా. ఊళ్లు మారేవి, హోటలు గదుల కర్టెన్లు మారేవి, చేతులు మాత్రం కిందే ఉండేవి. చీలమండ వాచినా నవ్వు అక్కడే ఉండేది. అలా ఎన్నేళ్లో. ఆంట్‌వెర్ప్‌లో హోటల్లో ఒక పొద్దున, రొట్టెకి జామ్ రాసుకుంటుండగా అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఎప్పుడూ ఫోన్‌లో అరిచి మాట్లాడుతుంది, సముద్రాలు దాటాలి కదా మాట అన్నట్టు. ఆ రోజు మెల్లిగా మాట్లాడింది. "మీ నాన్న పీట్ తవ్వుతూ బీడు నేలలో పడిపోయాడే. మాట రావట్లేదు. ఎడమ పక్కంతా..." అంతే, తర్వాత ఫోన్‌లో ఊపిరి మాత్రమే వినిపించింది. ఎక్కడో వెనక ఎవరో కెటిల్ పెట్టిన చప్పుడు. ఆ మాట కోసం నెసా ఇప్పటికీ ఎదురు చూస్తూనే ఉంది. ఎడమ పక్కంతా ఏమైంది? వాక్యం పూర్తి చెయ్యలేదు అమ్మ.

ఆసుపత్రిలో నాన్న తన ఎడమ చేతివంక చూసుకునే తీరు చూసింది. పక్కింటివాళ్లు ఏదో వస్తువు మనింట్లో మర్చిపోయి వెళ్తే, దాన్ని ముట్టుకోవాలా వద్దా అని చూస్తామే, అలా. కసరత్తు చేయించే అమ్మాయి, "ఎత్తండి మలకీగారూ, ఎత్తాలని అనుకోండి చాలు," అనేది. నాన్న అనుకునేవాడు. నుదుటి మీద నరం ఉబ్బేది. చెయ్యి మాత్రం దుప్పటి మీద అలాగే ఉండేది, వేళ్లు కొద్దిగా ముడుచుకుని, లేని పెట్టెని పట్టుకున్నట్టు. మాటలు పూర్తిగా పోలేదు, కాని పిలిచిన మాట రాదు, పిలవని మాట వస్తుంది. నీళ్లు కావాలంటే 'గొడుగు' అంటాడు. అని, తప్పని తెలిసి కళ్లు మూసుకుంటాడు. ఆ కళ్లు మూసుకోవడం భరించలేక అమ్మ ఆయన నోరు తెరవకముందే మాట అందించడం మొదలుపెట్టింది. నీళ్లా, ఇదిగో. చలేస్తోందా, ఇదిగో కోటు. పడుకుంటారా, రండి. ప్రేమే అది, ఎవరు కాదన్నారు. కాని క్రమంగా నాన్న నోరు తెరవడమే మానేశాడు.

నెసా మళ్లీ కంపెనీకి వెళ్లలేదు. ట్రాక్టరు షెడ్లో చెక్కలు పరుచుకుని, పొద్దున్నే ఎవరూ చూడకుండా ఒక్కతే ఆడడం మొదలుపెట్టింది. ఎందుకో తనకీ తెలియదు. ఒక రోజు చేతులు పక్కలకి దించి నిలబడితే ఎడమ చెయ్యి దానంతట అదే నాన్న చెయ్యైపోయింది. పట్టి ఉంచడం మానేసింది. అప్పుడు తెలిసింది, పట్టి ఉంచిన చెయ్యి వేరు, పోయిన చెయ్యి వేరు. ఇన్నేళ్లూ తను కదపని చేతుల్లో ఎంత బలం ఉందో, భుజం నుంచి వేలికొస దాకా ఎంత పట్టుదల నిండి ఉందో, ఆ బలం ఒక్క చేతిలోంచి తీసేశాక తెలిసింది. ఎగిరితే ఆ చెయ్యి ఆలస్యంగా ఎగురుతుంది. తిరిగితే వెనకబడి వచ్చి నడుముకి తగులుతుంది. కుడి చెయ్యికి ఏం చెయ్యాలో తోచదు, రెంటి పనీ చెయ్యబోతుంది, తడబడుతుంది, మొదటిసారి పక్క నుంచి పైకి లేస్తుంది. టీచర్ చూస్తే ఏమంటుందో! కింద పాదాలు మాత్రం పాత జిగ్ నాట్యపు దరువు, నల్లబండ మీద నేర్చిన దరువు, ఒక్క అడుగు మార్చలేదు. పాట లేదు. ఆ పాట వాయించే మనిషి లేనప్పుడు ఇంకెవరితో వాయించుకుంటుంది? చివర్న కుడి చెయ్యి ఒంటికి అడ్డంగా వచ్చి, వేలాడే ఎడమ చేతిని అందుకోబోయి, బెత్తెడు దూరంలో ఆగిపోతుంది. వేదిక మీద దీపం ఆరిపోతుంది. డబ్లిన్‌లో ఆడినప్పుడు అక్కడే అందరూ కంటతడి పెట్టారు. ఆ ఆగిపోవడం ఎంత గొప్ప ఆలోచన అన్నారు. ఆలోచన కాదు. ఆ దూరం దాటడం ఆమెకి రాలేదు, అంతే. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కంటి చివర్లోంచి ఆ చేతిని ఎన్నిసార్లు చూసిందో! ఎలా వాలింది, రుమాలు పక్కన ఎలా పడుంది, కుర్చీలోంచి లేచేటప్పుడు ఎలా జారింది, అన్నీ దొంగచాటుగా నేర్చుకుంది. ముట్టుకోలేదు. అడగలేదు.

ఆ తర్వాత రేడియో. ఈ నాట్యం ఎక్కడినుంచి వచ్చిందని అడిగారు. గాజు గది, చెవులకి మెత్తటి డొప్పలు, ఎదురుగా మర్యాదగా తలూపే మనిషి. అలాంటి చోట మనసులో మాట చాలా తేలిగ్గా వచ్చేస్తుంది, బయట దాన్ని వినే వంటిల్లు ఒకటుంటుందని గుర్తుండదు. "మా నాన్న ఎడమ చేతినుంచి వచ్చింది. ఆ చెయ్యి చచ్చిపోయాక నాకీ నాట్యం పుట్టింది," అంది. ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టేసరికి అమ్మ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నాన్న కిటికీ దగ్గర కుర్చీలో, టోపీ తియ్యకుండా కూచున్నాడు. రేడియో ఆపేసి ఉంది. ఆ ఇంట్లో అది ఎప్పుడూ ఆపరు.

"చచ్చిపోయిందా?" అంది అట్రాక్టా, తలెత్తకుండా. "ఎవరు చచ్చారే? రోజూ ఆ చేతికి క్రీము రాసేది నేను. గోళ్లు తీసేది నేను. చచ్చినదానికి ఎవరన్నా గోళ్లు తీస్తారా? ఊరూ వాడా వినేట్టు చెప్పుకోడానికి మీ నాన్నేమన్నా సంతలో పెట్టిన దూడా, ఇదిగో ఈ కాలు కుంటి, ఈ చెయ్యి అవిటని?"

"నేను అలా అనలేదమ్మా."

"నీ చెవులతో నువ్వు విన్లేదు. నేను విన్నాను. ఆయనా విన్నాడు, ఇక్కడే కూచుని. ఆయన్ని ఒక్క మాటడిగావా?"

"నువ్వడుగుతావా? టీ కావాలా అని కూడా అడగవు. కావాలనేసి పోసేస్తావు."

కత్తి ఆగింది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అనిపించింది నెసాకి, ఇప్పుడు కూడా, ఈ ఎత్తుపీట మీద కూచుని, చెవులు వేడెక్కుతున్నాయి. అప్పుడు నాన్న కుడి చెయ్యి చాపి బల్ల మీంచి రొట్టె ముక్క తీసుకున్నాడు. వెన్న రాసుకోవాలి. ఒక్క చేత్తో రొట్టె నిలవదు, కత్తి వెంట జరిగిపోతుంది. తల్లీ కూతురూ ఇద్దరూ ఒక్కసారే లేచారు, ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ అక్కడే ఆగిపోయారు. ఆయన రొట్టెని కంచం అంచుకి నొక్కిపెట్టి, ఎలాగో రాసుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ తిన్నాడు. ఆయన మొహంలో ఏముందో ఆమెకి అందలేదు. చిన్నప్పటినుంచీ ఆ మొహం చూడ్డం అలవాటు లేదు కదా.

"ఆ హాల్లో ఆడతావని గోడలకి కాగితాలు అంటించారట. ఆడుకో. మేం రాము," అంది అమ్మ. అంతే.

వంటగది తలుపు తోసుకుని టాల్టీ టీచర్ వచ్చింది. ఎనభై దాటింది, వీపు మాత్రం అప్పటిలాగే నిటారు. చేతిలో గుడ్డు శాండ్‌విచ్‌ల పళ్లెం, మీద వెండికాగితం. పళ్లెం బల్ల మీద పెట్టి, నెసాని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూసింది.

"ఏమే, నేను నేర్పింది విప్పేస్తున్నావట?"

"విప్పడం కాదు టీచర్..."

"విప్పడమే. మాట మార్చకు." టీచర్ ఒక కప్పు తీసి పైటగుడ్డలాంటి తన మెడరుమాలుతో తుడిచింది, కప్పు శుభ్రంగానే ఉంది. "విప్పు. కట్టినదుంటేనే కదా విప్పేది. నేనంత గట్టిగా కట్టకపోతే నీకీపాటికి విప్పడానికేం ఉండేది? జారిపోయే లంగా నాడా విప్పి చూపిస్తే ఎవడు చప్పట్లు కొడతాడు?"

నెసాకి నవ్వొచ్చింది, నవ్వు వెనకే ఏడుపు వచ్చింది, రెండూ మింగింది. "వాళ్లు రారు టీచర్."

"మీ అమ్మ నా దగ్గర రెండేళ్లు నేర్చుకుంది, తెలుసా? చెప్పి ఉండదు. పాదం మంచిది. పెళ్లయ్యాక మానేసింది, ఇంట్లో ఒకరు వాయిస్తూ ఒకరు ఆడుతూ ఉంటే వండేదెవరని." కప్పు బోర్లించింది. "రాకపోతే రారు. వచ్చినవాళ్లకి ఆడు."

అమ్మ పాదం. అమ్మకి పాదం ఉందా? గరిటె తాళం, అందుకనా! ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉండి మనం ఎవరి గురించి ఏం తెలుసుకుంటాం, అనుకుంటుండగానే, వాన చుక్కల అవతల, జనం గుసగుసల అవతల, గులకరాళ్ల దారి మీద కారు ఆగింది. ఒక తలుపు. చాలాసేపటికి రెండో తలుపు. తర్వాత, హాలంతా ఒక్కసారి మాటలాపేసిన నిశ్శబ్దంలో, కర్ర, కాలు, ఈడ్పు. కర్ర, కాలు, ఈడ్పు. పక్కనే గట్టి మడమల చిన్నడుగులు, తొందరగా పోగలిగీ పోకుండా ఆగి ఆగి పడుతున్నవి. ఆ అడుగుల్ని నెసా ఇన్నాళ్లు విననే లేదు.

"వెళ్లు," అంది టీచర్. చేతుల గురించి ఏమీ అనలేదు.

వేదిక మీద పక్క కిటికీల వెలుగు తప్ప వేరే దీపం లేదు, అది ఆమే అడిగింది. ఇప్పుడు అడక్కుండా ఉంటే బాగుండేదనిపిస్తోంది, అందరి మొహాలూ కనపడుతున్నాయి. ముందు వరసలో, నడవ పక్క కుర్చీలో నాన్న, మోకాళ్ల మధ్య కర్ర. పక్కన అమ్మ, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, ఒళ్లో చేతిసంచీని రెండు చేతులతో పట్టుకుని, ఏ క్షణమైనా లేచిపోవడానికి సిద్ధంగా. ఊరంతా ఆ మొహాన్నే చూస్తోంది, ఆ మొహం నేలని చూస్తోంది. నెసా చేతులు దించింది. పాదం ఎత్తింది. మొదటి దెబ్బ పడగానే లోపల అన్నీ సద్దుమణిగాయి, ఎప్పుడూ అంతే, బొటనవేలి మొన చెక్కని గీరి మడమ దిగగానే ఆలోచన పాదాల్లోకి దిగిపోతుంది. దరువు, తిరుగుడు, ఎగురు. ఇది నల్లబండ. ఇది లారీ. ఇది వరస, ఇది నవ్వు, నవ్వు చాలించు. ఇక్కడ ఎడమ చెయ్యి వదిలెయ్యాలి. వదిలేసింది. హాల్లో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. చెయ్యి గాలిలో తేలి, మెత్తగా వాలి, పక్కకి ఊగింది, నీటిలో నాచులా. కుడి చెయ్యి లేచింది. ఇన్నేళ్లుగా ఈ హాల్లో ఏ చెయ్యీ లేవలేదు. అప్పుడు నాన్నని చూసింది. నాన్న పాదాలు చూడటం లేదు. మొదటిసారి. చేతినే చూస్తున్నాడు, చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు. కాదు, కాదు, కాదు అన్నట్టు. అమ్మ చెప్పింది నిజమే. ఆయన్ని నలుగురిలో పెట్టాను. ఆపెయ్యాలి. ఇప్పుడే ఆపి కిందికి దిగి క్షమించమనాలి. పాదాలు మాత్రం ఆగలేదు, పాదాలకి ఆపడం నేర్పింది ఎవరు? ఒకటి మొదలైతే చివరిదాకా పోవడమే వాటికి తెలుసు. నాన్న తల ఊపుతూనే ఉన్నాడు. ఆమె ఆడుతూనే ఉంది, చూపు ఆయన మీంచి తియ్యలేక, తియ్యకుండా. దరువు చిక్కనవుతోంది, ఊపిరి చిరుగుతోంది, కుడి చెయ్యి అడ్డంగా వచ్చి ఎడమదాన్ని అందుకోబోయి, బెత్తెడు దూరంలో, ఆగింది.

ఎక్కడో వెనక ఫింటన్ ఈల, తర్వాత చప్పట్లు, పైకప్పు రేకులదాకా. గొర్రెల కాపరి అన్నదమ్ములు లేచి నిలబడ్డారు. నెసా వంగి నమస్కరించి వంటగదిలోకి పరుగెత్తి, బూట్లు పీకి పారేసి, కుళాయి తిప్పి మొహం నీళ్ల కింద పెట్టింది.

చాలాసేపటికి తల ఎత్తేసరికి తలుపులో నాన్న. వెనక అమ్మ.

"రావద్దన్నా వినలేదు, ఇప్పుడు ఇంటికి పోదామంటే వినడు," అంది అట్రాక్టా. ఆమె గొంతు బొంగురుగా ఉంది. "కారు దాకా వచ్చి మళ్లీ తిరిగాడు."

మలకీ వచ్చి బల్ల దగ్గర కుర్చీలో కూలబడ్డాడు. నోరు తెరిచాడు. "కాదు," అన్నాడు. దవడ కదిలింది. "అది... గొడుగు... కాదు. అది..."

"తప్పు అంటున్నాడు," అంది అట్రాక్టా. "నేను చెప్పలేదూ, ఆయన మనసు..."

కర్ర నేలకేసి కొట్టాడు మలకీ. శాండ్‌విచ్‌ల మీద వెండికాగితం అదిరింది. తలుపవతల టీ కోసం నిలబడ్డవాళ్ల మాటలు ఆగిపోయాయి. అట్రాక్టా నోరు మూసుకుంది, పెళ్లైనప్పటినుంచీ ఆయన తన మీద అంత చప్పుడు చెయ్యలేదు.

ఆయన కర్రని బల్లకి ఆనించి, కుడి చేత్తో తన ఎడమ మణికట్టు పట్టుకుని, చేపలు తెచ్చినవాడు చేపనెత్తి చూపించినట్టు, పైకెత్తాడు. నెసాని చూశాడు. చూడు, అన్నాడు కళ్లతో. వదిలేశాడు. చెయ్యి తేలలేదు, ఊగలేదు. వాననీళ్లు తాగిన తాడులా ఒక్క పెట్టున దిగింది, వేలి కణుపులు బల్ల అంచుకి ఠక్కున కొట్టుకున్నాయి, ఆ దెబ్బకి భుజం లాగి, మెడ పక్కకి వంగి, ఆయన ఒళ్లంతా ఆ చేతివైపు ఒరిగింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ వదిలాడు. నెసా కళ్లు మూసుకోబోయింది. ఆయన ఒప్పుకోలేదు, బల్ల మీద తట్టాడు. మూడోసారి చెయ్యి ఎత్తి, వదలకుండా, ఆమెవైపు చాపాడు. తీసుకోమన్నాడు.

ఆమె రెండు అరచేతులూ పట్టింది. ఆయన వదిలాడు. ఆమె మోకాళ్లు వంగాయి. ఇంత ఉంటుందనుకోలేదు. ఖాళీ అయిపోయినది తేలిగ్గా ఉంటుందని, ఎండుటాకులా ఉంటుందని ఎవరు చెప్పారు తనకి? షెడ్లో అన్ని పొద్దులు ఆడింది, డబ్లిన్‌లో జనాన్ని ఏడిపించింది, లేని చెయ్యినే ఆడింది. ఇది ఉంది. వెచ్చగా ఉంది. గోళ్లు శుభ్రంగా, గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. క్రీము వాసన.

"బరువు," అన్నాడు మలకీ. మాట తప్పులేకుండా వచ్చింది. రెండోసారి అన్నాడు, మాట రుచి చూసుకుంటున్నట్టు. "బరువు."

నెసా ఆ చేతిని అలాగే పట్టుకుని నిలబడింది. అప్పుడు పక్కనుంచి అట్రాక్టా చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టి కిందికి జరిపింది.

"అలా కాదు. మోచెయ్యి కింద పట్టుకో. లేకపోతే భుజం జారుతుంది, రాత్రంతా నిద్రపోడు." గొంతులో కోపం ఇంకా ఉంది, చెయ్యి మాత్రం అన్నీ తెలిసినట్టు కదులుతోంది. "ఇటు. నీ ఒంటికి ఆనించు. నడుముతో మొయ్యాలి, చేతుల్తో కాదు. చేతుల్తో మోస్తే పూటకే అలిసిపోతావు."

నెసా నడుముతో మోసింది. నిజమే. బరువు నడుములోంచి తొడల్లోకి, తొడల్లోంచి బూట్లు లేని కాళ్లలోకి దిగింది, నేల దాన్ని పుచ్చుకుంది. మలకీ ఆమె పాదాల వంక చూశాడు. చూసి గడ్డంతో సైగ చేశాడు. ఆడు.

చేతిని మెల్లిగా ఆయన ఒళ్లో పెట్టి, బల్లకీ టీ డ్రమ్ముకీ మధ్య ఉన్న జాగాలో, మేజోళ్ల కాళ్లతో, నాలుగడుగులు వేసింది. ఎడమ చెయ్యి వదిలింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ వేసింది. ఈసారి భుజాన్ని కూడా వెళ్లనిచ్చింది, మెడ వెళ్లనిచ్చింది, అడుగు తప్పింది, తప్పినచోటే ఏదో ఉందని తెలిసి ఆగింది. మలకీ ముందుకి వంగాడు.

"దానికి కాలు కూడా కాస్త ఆగాలి," అంది అట్రాక్టా. "ఆయన ఆగుతాడు చూడు, ఈడ్చే ముందు. నువ్వు ఆగట్లేదు."

అని, తనన్న మాటకి తనే తెల్లబోయినట్టు నిలబడింది. తలుపు దగ్గర టాల్టీ టీచర్, చేతిలో ఖాళీ టీ జగ్గుతో, లోపలికి రాకుండా ఆగిపోయి చూస్తోంది. మలకీ కుడికాలితో ఎదురుగా ఉన్న కుర్చీని భార్యవైపు తోశాడు.

అట్రాక్టా కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పి, కోటు తీసి కుర్చీ వీపుకి తగిలించి, కూచుంది.

"ఊఁ, కానీ," అంది.